ఆ గుండె చప్పుడు ఎవరిది?

2022 ఎండాకాలం. అనంతపురంలో ఒక ఆసుపత్రి ప్రసూతి వార్డులో నేను స్టాఫ్ నర్సుని. మిట్టమధ్యాహ్నం యాడికి దగ్గరి పల్లె నుంచి లక్ష్మీదేవిని వాళ్ల అత్త జీపులో తీసుకొచ్చింది. తొలి కాన్పు, నెలలు నిండాయి. వడగాలికి ఆమె పెదాలు ఎండి పగిలిపోయాయి.

"అక్కా, పొద్దున్నుంచి బిడ్డ మెదల్డంల్యా," అంది లక్ష్మీదేవి.

వెంటనే సీటీజీ పెట్టాను. ప్రోబ్‌ను కడుపు మీద ఆనిస్తే బిడ్డ గుండె వేగాన్ని వినిపిస్తూ, కాగితం మీద గీసి చూపే యంత్రమది. నిమిషానికి నూట ముప్ఫై చూపించింది. కడుపులో బిడ్డకు నూట పది నుంచి నూట అరవై దాకా మామూలే. అత్తకు అదే చెప్పాను. ఆమె దేవుడికి దండం పెట్టుకుని, ఊరికే బెదురుకోవద్దని కోడలికి నచ్చజెప్పబోయింది.

లక్ష్మీదేవి నా చెయ్యి వదల్లేదు. "మిషను ఏమన్నా చెప్పనీక్కా. నా బిడ్డ మెదల్డంల్యా."

ఆమెను ఊరడిస్తూ మణికట్టు పట్టుకున్నాను. నాడి పరుగెడుతోంది. నా వేళ్ల కింద ఒక దెబ్బ, యంత్రంలో ఒక దెబ్బ. రెండూ కలిసే పడుతున్నాయి. ఎండకూ భయానికీ వేగం పెరిగిన తల్లి గుండెనే మేము బిడ్డదనుకుంటున్నాం.

ప్రోబ్ కిందికి జరిపాను. కాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత ఎక్కడో లోతున, నిదానంగా, ఎనభై. అదీ బిడ్డది.

ఆమెను ఎడమ పక్కకు తిప్పి, వార్డు ఆయాను డాక్టరు కోసం పంపాను. డాక్టరమ్మ వస్తూనే కాగితం చూశారు. "ఇంతసేపూ బాగానే ఉందే?"

"అది తల్లిది మేడమ్."

ఆవిడ తనూ నాడి పట్టుకుని, యంత్రం చప్పుడు విన్నారు. వెంటనే ఆపరేషన్ థియేటర్‌కి తీసుకురమ్మన్నారు.

బిడ్డ మెడకు పేగు రెండు చుట్లు బిగిసి ఉంది. ఏడవలేదు. పిల్లల డాక్టరు మాస్కు పెట్టి ఊపిరి అందించారు. చివరికి సన్నగా, పిల్లికూనలా ఒక ఏడుపు. ఆడపిల్ల.

కుట్ల నొప్పి కాస్త తగ్గాక లక్ష్మీదేవి అడిగింది: "మిషను అట్ల చెప్తాంటే నా మాట యట్ల నమ్మితివక్కా?"

నిజానికి నేను ఆమెను నమ్మి యంత్రాన్ని కాదనలేదు. యంత్రమూ అబద్ధం చెప్పలేదు. ఆ గదిలో ఒక గుండె నూట ముప్ఫైతో కొట్టుకుంటున్న మాట నిజం. అది ఎవరిదో యంత్రం చెప్పదు, మనమే అడగాలి. మంచి అంకె కనపడితే ప్రాణం కుదుటపడి ఆ ప్రశ్న అడగబుద్ధి కాదు. అడగాల్సింది సరిగ్గా అప్పుడే.