దర్వేష్ నాలుక కాలిన శనివారం

జాఖో ఊళ్లో తెప్పలు నడిపేవాళ్లందరిలోకీ దర్వేష్‌దే పెద్ద గొంతు. ఖాబూర్ నదిలో దుంగల తెప్ప మీద నిలబడి కేకేస్తే అవతలి గట్టున గాడిదలు ఆగిపోయేవి. అంతటి గొంతున్న మనిషికి ఒక్కటే కోరిక. శనివారం మధ్యాహ్నం యూదుల ప్రార్థనామందిరం వాకిట్లో చాప మీద కూర్చుని, దానియేలు గ్రంథంలో, రాజు నిలబెట్టిన బొమ్మకు మొక్కని ముగ్గురు మంటల్లో పడ్డా కాలిపోని అగ్నిగుండం కథను తమ ఇళ్లలోని భాషలో చెప్పాలి. పదకొండేళ్లు కాచుకున్నాక గురువు హాఖామ్ షబ్తాయ్ ఆ చాప అతనికిచ్చాడు. కథ మధ్యలో తడబడితే మాత్రం దిగిపోవాలి, మళ్లీ ఎక్కకూడదు. అద్దకం పనివాడు ఎలియో కన్ను ఎప్పట్నుంచో ఆ చాప మీదే ఉంది.

నెలరోజులు ఆ కథ సాధనతో దర్వేష్ ఇల్లు మారుమోగింది. బొమ్మకు మొక్కమనే రాజుగారి చాటింపు దగ్గరికి వచ్చేసరికి అతనికి ఒళ్లు పులకరించేది. "జనాలారా, జాతులారా, లిషానాలారా..." వాళ్ల భాషలో నోట్లోని నాలుకనూ లిషానా అనే అంటారు, మాట్లాడే భాషనూ అదే అంటారు. పాత గ్రంథంలోనైతే ఆ భాష మాట్లాడే మనుషులు కూడా లిషానాలే.

"నాలుకల్ని పిలిచి మొక్కమన్నాడా మీ రాజు?" అని భార్య నాజే పిండి పిసుకుతూ నవ్వేది.

"నిన్నొక్కదాన్ని పిలిస్తే చాలేదే, ఊరంతా వచ్చినట్టుండేది."

శుక్రవారం కుండ దించగానే తొలి కుబ్బె ఇంటాయనకే. ఆ పిండి ఉండ పైకి చల్లారినట్టే ఉంటుంది, లోపల మాంసం రసం సలసల మరుగుతుంది. జాఖోలో పాలపళ్ల పిల్లలు కూడా ఊదుకుని తింటారు. చాటింపు వల్లెవేసుకుంటున్న దర్వేష్ మాత్రం గుటుక్కున నోట్లో వేసుకున్నాడు.

నాలుక బూరెలా పొంగింది. పక్కింటివాళ్లు పెరుగు తెచ్చారు, తేనె తెచ్చారు, నవ్వులు మాత్రం అడక్కుండానే తెచ్చారు.

మర్నాడు చాప మీద కూర్చుని, మొదటి మాటలు ఎలాగో నెమ్మదిగా లాక్కొచ్చాడు. చాటింపు దగ్గర నాలుక మొరాయించింది. "జ... నా..." అన్నాడు. అంతే. ఎలియో తలపాగా సర్దుకున్నాడు. పదకొండేళ్లూ నీళ్లపాలయ్యాయని దర్వేష్‌కి ఏడుపొచ్చింది.

"జనాలారా, జాతులారా, లిషానాలారా..."

ఆడవాళ్లు కూర్చున్న మిద్దె మీంచి వచ్చింది మాట. గొంతు నాజేది. నెలంతా ఇంట్లో విన్నదేమో, ఆగిన చోట్లన్నీ దర్వేష్‌వే, చివరికి అతని దగ్గుతో సహా. వాకిలంతా గొల్లున నవ్వింది.

"ఆడమనిషి చెప్పొచ్చా, హాఖామ్?" అన్నాడు ఎలియో.

"మన మాటల్లోకి మార్చి చెప్పేది ఎవరికోసంరా? గ్రంథం చదవలేని వాళ్లకోసమేగా. వాళ్లకి ముట్టిందని ఇవాళ తెలిసింది. కూర్చో."

"మరి దర్వేష్ తడబడ్డాడుగా?"

"దర్వేష్ తడబడ్డాడు. కథ తడబడలేదు."

మిద్దె మీద నాజే చెబుతుంటే, కింద దర్వేష్ చేతులతో మంటలు లేపాడు, ఆ మంటల్లో ముగ్గురినీ నడిపించాడు. నవ్వి నవ్వి హాఖామ్ గడ్డం తడిసింది.

వారానికి నాలుక మానింది. దర్వేష్ మళ్లీ చాపెక్కాడు, ఎక్కడా తొట్రుపడలేదు. చాటింపు దగ్గరకొచ్చాక మాత్రం నోరు మూసుకుని, తల ఎత్తి, మిద్దె వైపు చూస్తూ కూర్చున్నాడు.