దర్జీ బాబాయి రక్తం

రక్తపరీక్ష కిట్లని సరిచూసే మా ల్యాబుకి ఏ కొత్త కిట్టు వచ్చినా ముందు దర్జీ బాబాయి దగ్గర పరీక్ష రాయాల్సిందే. ఆయన ఒంట్లో హెపటైటిస్ బి వైరస్ ఉంది. కాకపోతే అది పైపొర మార్చేసుకున్న రకం. కిట్టు వెతికేది ఆ పైపొరనే కాబట్టి, చాలా కిట్లు ఆయన రక్తం చూసి ఏమీ లేదు పొమ్మంటాయి. కాలేయం వాచి ఆయన మంచాన పడ్డప్పుడు, వైరస్ జన్యువునే వెతికే పెద్ద పరీక్ష చేస్తే గానీ దొంగ దొరకలేదు. అప్పటినుంచి మాత్రలు మింగుతూ, మేం పిలిచినప్పుడల్లా వచ్చి చెయ్యి చాపుతున్నాడు.

"అంటే చొక్కా మార్చుకు తిరుగుతోందన్నమాట. నేను కుట్టలేదు సుమా!" అన్నాడు, నేను విడమరిచి చెబితే.

సూది గుచ్చుతున్నంతసేపూ నా తెల్లకోటు కుట్టుకి వంకలు పెడతాడు. కిట్టు తప్పిందంటే చాలు, తానేదో గెలిచినట్టు కాలరు సర్దుకుంటాడు. నాకు ఒళ్ళు మండేది. జబ్బు మనిషి జబ్బు మనిషిలా ఉండాలి గానీ, ఇదేం సంబరం?

ఒకరోజు పిలవకుండానే వచ్చాడు. వెంట కూతురు, ఏడో నెల.

"క్లినిక్కులో లేదన్నారు కదా నాన్నా, మళ్ళీ పొడిపించడం దేనికి?" అని ఆమె విసుక్కుంటోంది.

ఆయన నన్ను పక్కకి పిలిచాడు.

"అమ్మాయ్, అక్కడ బల్లమీద డబ్బా చూశాను. మీ దగ్గర నన్ను పట్టుకోలేకపోయిందే, ఆ కిట్టే. ఇంట్లోవాళ్ళకి అప్పట్లో చేయించింది కూడా అక్కడే."

ఆ రోజు కాలరు జోలికి పోలేదు.

ఆయన్ని పట్టుకోగలిగిన కిట్టుతో చేశాను. గీత పడింది, అంటే ఉన్నట్టే. నమ్మబుద్ధి కాక పెద్ద పరీక్ష కూడా చేయించాను. తండ్రికున్న వైరసే, అదే పైపొర. చిన్నప్పుడు ఏ గాయం ద్వారానో, ఏ బ్లేడు ద్వారానో అంటి ఉంటుంది.

"నాన్నా, నీ నుంచేనా?"

"నా నుంచేనమ్మా."

ఆమె బ్యాగు తీసుకుని బయటికి వెళ్ళిపోయింది.

డాక్టరు రాసిచ్చిన మాత్రలు మాత్రం ఆమె మానలేదు. పాప పుట్టిన కొద్ది గంటల్లోనే టీకాతో పాటు రక్షణకి ఇంకో ఇంజెక్షనూ వేశారు. కానీ పాపని తాత చేతికి ఇవ్వలేదు. ముట్టుకుంటే అంటదని డాక్టరు చెప్పాడు, నేను చెప్పాను. గోడకి చెప్పినట్టే. ఆయన మేం పిలిస్తే వస్తున్నాడు, చెయ్యి చాపుతున్నాడు, వెళ్తున్నాడు. నా కోటుని ఒక్క మాట అనడు. నాకు ఏడుపొచ్చేది.

ఏడాది దాటాక పాపకి పరీక్ష చేశాం. కిట్టుతోనూ చేశాం, పెద్ద పరీక్షా చేశాం. లేదు. ఈసారి 'లేదు' అంటే నిజంగానే లేదు.

ఆ మాట చెబితే కూతురు పాపని చంకనేసుకుని లేచింది. బెంచీ ఆ చివర కూర్చున్న తండ్రి దగ్గరికి వెళ్ళింది.

"దీన్ని కాస్త ఎత్తుకో నాన్నా. చెయ్యి లాగేస్తోంది."

ఆయన గబుక్కున లేచాడు. చేతులు కడుక్కొస్తానన్నాడు.

"అక్కర్లేదు బాబాయ్, ఎత్తుకో!" అని కసిరాను.