పడని రాయి

మా పత్రికలో సూర్యాపేట జిల్లా పేజీలకు ఆయన ఇన్‌ఛార్జి, నేను కొత్తగా చేరిన సబ్ ఎడిటర్‌ని. ఆకాశంలోంచి ఏదో రాయి భూమి మీదికి వస్తోందని వార్త వస్తే చాలు, ఆయన కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి "జర ఆగు, వాళ్లింకా సూస్తున్నరు" అనేవారు. వాళ్లంటే టెలిస్కోపుల దగ్గర కూర్చున్న శాస్త్రవేత్తలు. ఆ ఓపిక నాకు చాదస్తంగా తోచేది.

ఒక వానాకాలం టీవీలన్నీ అలాంటి రాయినే పట్టుకుని, తెర మీద భూగోళాన్ని పేల్చిందే పేల్చాయి. కొన్నాళ్లకు శాస్త్రవేత్తలు మళ్లీ చూసి, మళ్లీ లెక్కగట్టి, అది తగలదన్నారు. ఆ మాట ఏ చానలూ చెప్పలేదు. ఏమీ కాదన్నది కూడా వార్తేనా అని నేనూ అన్నాను.

ఆ మధ్యాహ్నమే గరిడేపల్లి నుంచి ఒక మహిళా రైతు ఆయనకు ఫోన్ చేసింది.

"సారూ, అంతా పోతదన్నంక నాట్లెందుకని ఆపి కూసున్న. నారేమో పెరుగుతనే ఉన్నది, ముదిరితే నాటనీకి పనికిరాదు. ఆ రాయి పడ్తదా, పడదా? టీవీల దాని ముచ్చటే తీస్తలేరు."

"పడదమ్మా. వాళ్లు మల్ల సూసి చెప్పిన్రు. నువ్వు నాట్లేసుకో."

ఫోన్ పెట్టేసి, జిల్లా ఎడిషన్ మొదటి పేజీలోని మంత్రి పర్యటన వార్తను కిందికి దించి, పైన తనే శీర్షిక పెట్టారు: "ఆ రాయి పడదు, నాట్లు వేసుకోండి."

మర్నాడు హైదరాబాద్ ఆఫీసు నుంచి పెద్ద ఎడిటర్ ఫోన్. పడని రాయికి మొదటి పేజీ ఏమిటని ఆయన వేస్తున్న కేకలు మా అందరికీ వినబడుతున్నాయి. ఈయన అంతా విని, నెమ్మదిగా ఒక్కటే అన్నారు.

"గరిడేపల్లిల నారు ముదురుతున్నది సార్."