నీళ్లు ఇచ్చినవాడు

ఆ ఏడు మంగళవాడ వైపు శెనక్కాయ ఊడ మట్టిలోకి దిగి కాయ పట్టకముందే వానలు ముఖం చాటేశాయి. బోర్లకు పాయింటు చూసే మా చిన్నాయనకు మాత్రం గిరాకీ పెరిగింది. అరచేతిలో టెంకాయను పడుకోబెట్టుకుని చేనంతా నడిచేవాడు. కింద నీళ్లున్న చోట అది లేచి నిలబడేది. నేను నమ్మలేదు. టెంకాయ నా అభిప్రాయం అడగలేదు.

వరుసగా మూడు బోర్లలో నీళ్లు పడ్డాయి. మొదటిసారి "ప్రభువు చూపిచ్చినాడు" అన్నాడు. రెండోసారి "నేను చూపిచ్చినా" అన్నాడు. మూడోసారి "నేనిచ్చినా" అన్నాడు. వ్యాకరణం బాగుపడుతోందని నేను నవ్వాను.

మా ఇంటిల్లిపాదీ ప్రార్థనకు పోయేవాళ్లం. రేకుల గదిలో చాపలు, ముందర ఒక ఖాళీ కుర్చీ. అది ప్రభువుదని పాస్టరు అయ్యగారు కూడా నిలబడే వాక్యం చెప్పేవారు. ఒక ఆదివారం చిన్నాయన వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నాడు.

"చాప మీదికి రాప్పా," అన్నారు అయ్యగారు. "ఆదాము చెడింది పండు రుచికి కాదు, దేవుని మాదిరి అయితాననే ఆశకు. చూపిచ్చేది నీ పని. ఇచ్చేవాడు వేరే."

"మీరు వాన అడిగితే ఎన్ని చుక్కలు పడినాయి అయ్యగారూ?" అన్నాడు చిన్నాయన, మెల్లగా.

కుర్చీ కాళ్లు గట్టివో కావో చూస్తున్నాడులే అని పక్కాయన చెవిలో అన్నాను. ఆయన నవ్వలేదు. కళ్లు మూసుకుని, చేతులు కుర్చీ వైపు జోడించి ఉన్నాడు.

ఆ వారమే చిన్నాయన సొంత చేన్లో బోరుకు పాయింటు పెట్టాడు. నీళ్లు పడకపోతే ఉన్న పంటా ఎండిపోతుంది. పొద్దున్నుంచి బోరుబండి దుమ్మే చిమ్మింది. మధ్యాహ్నానికి అది వెళ్లిపోయింది. చిన్నాయన గొట్టం పక్కనే కూర్చుండిపోయాడు, తల నుంచి కాళ్ల దాకా తెల్లగా. గొట్టంలోంచి ఎవరో ఊపిరి వదులుతున్నట్టు గాలి వస్తోంది.

"ఏమప్పా, ఇంటికి రా. ఇంత తిందువు," అంది చిన్నమ్మ. పలకలేదు.

"రా చిన్నాయనా. సంగటి గట్టిపడితే దానికీ బోరు ఏపియ్యాల్సొస్తాది," అన్నాను. పలకలేదు.

చిన్నమ్మ వాడిన శెనక్కాయ చెట్లను చూసుకుని, తనలో తాను "దేవుడా" అనుకుంది.

"ఏంది?" అన్నాడు చిన్నాయన, తల తిప్పి.

అది ఎగతాళి కాదు. ఎగతాళి నాకు తెలుసు. పిలిస్తే పలికినవాడి ముఖం అది.

చిన్నమ్మ ఆ ముఖాన్నే చూసింది.

"నేను పిల్చింది నిన్ను కాదప్పా."

మరి పిల్చింది ఎవరినో చూడాలన్నట్టు ఆయన మెల్లగా వెనక్కి తిరిగాడు. నేనూ తిరిగాను.