ఎక్స్‌రే గదిలో మా బావ

మా బావ తీసిన ఫొటోల్లో ఎవరూ నవ్వరు. ఆల్బమ్‌లు తిరగేస్తే మూడు తరాలవాళ్ళూ ఛాతీ ముందుకు తోసి, భుజాలు పైకెత్తి, ఎవరో తరుముకొస్తున్నట్టు కళ్ళు పెద్దవి చేసుకుని కనిపిస్తారు. కారణం మరేం లేదు. బావ పెద్దాసుపత్రిలో ఎక్స్‌రేలు తీసేవాడు. కెమెరా కంటికి ఆనించగానే నోటికి అలవాటైన మాటే వచ్చేసేది: “గట్టిగా గాలి పీల్చండి... బిగబట్టండి...” మేం బిగబట్టేవాళ్ళం. ఆయన వెలుతురు చూసుకుని, అడుగు వెనక్కి వేసి, మళ్ళీ ముందుకొచ్చి, తీరిగ్గా మీట నొక్కేవాడు. “వదలండి” అనడం సగం సార్లు మరిచిపోయేవాడు. నా పెళ్ళి ఫొటోలో నా భార్య మొహం ఎర్రగా కందిపోయి ఉంటుంది. చూసినవాళ్ళు సిగ్గనుకుంటారు. ఊపిరాడకని నాకు తెలుసు.

అక్కను చేసుకునేనాటికి ఆయన ఉద్యోగంలో చేరి ఏడాది. ఆసుపత్రి వెనక, మెట్లు దిగి వెళ్తే ఆ గది. కిటికీ లేదు. తలుపు మీద ఎర్ర దీపం, లోపల తీగకు ఆరేసిన ఫిల్ములు, పుల్లటి మందు వాసన. ఆ వాసన ఆయన చేతులకు పట్టేసింది. సబ్బులు అరిగాయి గానీ వాసన పోలేదు.

ఆ పని చాలనట్టు ఇంట్లోనూ అదే. ఆదివారం మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా వాళ్ళింటి స్నానాల గది ఆయన రాజ్యం. వెంటిలేటర్‌కు నల్లగుడ్డ కట్టి, ఎర్ర బల్బు పెట్టి, నా మేనకోడలి బొమ్మల తొట్టిలో మందు కలిపి ఫొటోలు కడిగేవాడు. బయట అక్క తువ్వాలు భుజాన వేసుకుని తలుపు బాదేది. “ఇది కొంపా, ఆసుపత్రా? మనుషులు స్నానాలు చెయ్యొద్దా?” లోపలి నుంచి బావ, “తలుపు తీశావంటే మీ నాన్న మొహం నల్లబడిపోతుంది, నీ ఇష్టం” అనేవాడు. దాంతో ఆమె నోరు మూతపడేది. నేనూ మేనకోడలూ గుమ్మం ముందు కూర్చుని, ఈసారి ఎవరి మొహం ఎలా వచ్చిందో చూద్దామని కాచుకునేవాళ్ళం. ఆ ఆదివారాలు తలుచుకుంటే ఇప్పటికీ నాకు కడుపు నిండినట్టుంటుంది. తడి ఫొటో చేతికిచ్చినప్పుడు ఆయన మొహంలో ఉండే సంతోషం నేను ఇంకెవరిలోనూ చూడలేదు.

అయితే ఆసుపత్రికి సగం మనిషి, కెమెరాకు సగం మనిషి పోగా ఇంటికి మిగిలింది ఒక్క మాట. “రిటైరయ్యాక చూద్దాం.” వంటింటి గట్టు ఎత్తు పెంచాలన్నా, సాయంత్రం అలా నడిచి వద్దామన్నా అదే జవాబు. లైట్‌హౌస్ సంగతీ అంతే. పెళ్ళయిన కొత్తలో ఇద్దరూ దాన్ని ఎక్కాలని స్కూటర్ మీద బయల్దేరారు. దారిలో ఆకాశంలో కొంగల బారు కనిపించింది. బావ చూపు పైకి పోయింది, స్కూటర్ కాలవలోకి పోయింది. ఆయనకు చర్మం కూడా గీరుకుపోలేదు. అక్కకు మోకాలి కింద ఎముక విరిగింది. రెండు స్క్రూలు వేశారు, అందులో ఒకటి వంకరగా దిగింది. ఆ ఎక్స్‌రే తీసింది కూడా బావే, కళ్ళు తుడుచుకుంటూ. కట్టు విప్పాక అక్క, “మరి లైట్‌హౌస్?” అంది. “ఎక్కడికి పోతుంది? తీరిక చూసుకుని వెళ్దాం” అన్నాడు. ఆ తీరిక పెరిగి పెరిగి రిటైర్‌మెంట్ దాకా వచ్చింది.

ముప్ఫై మూడేళ్ళు గడిచాయి. ఫిల్ములు పోయి కంప్యూటర్లొచ్చాయి, నా మేనకోడలు కాపురానికి వెళ్ళింది. బడిలో లెక్కలు చెప్పే అక్క రెండేళ్ళ కిందట ఉద్యోగం మానేసింది. “అలసిపోయింది పాపం, విశ్రాంతి తీసుకోనీ” అన్నాడు బావ. అక్కడితో ఆ సంగతి వదిలేశాడు.

ఆయన దిగిపోవడానికి రెండు నెలలుందనగా ఒక రోజు నా మోటార్ వైండింగ్ షాపుకొచ్చాడు. స్టూలు మీద కూర్చుని రాగితీగ ముక్కను వేలికి చుట్టుకుంటూ, “ఇంకో రెండేళ్ళు ఉండమన్నార్రా. సంతకం పెట్టేశాను” అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. “అక్క రోజులు లెక్కపెట్టుకుంటోంది బావా. తనతో చెప్పావా?”

“సమయం చూసి చెప్తాలే. నువ్వు నోరు జారకు. కొత్త మిషనొచ్చింది, నేను లేకపోతే ఆ గది నడవదు.” తల దించుకుని అన్నాడు: “నిజం చెప్పనా? పొద్దున్నే లేచి ఇంట్లో ఏం చేస్తార్రా మనుషులు? నాకు తెలీదు. భయంగా ఉంది.”

తిడదామని నోరు తెరిచినవాణ్ణి, ఆయనకు టీ తెప్పించాను.

మూడో రోజు అక్క ఫోన్ చేసింది. “రేపు షాపు మూసేసి రా, నన్ను ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. మీ బావతో చెప్పావంటే నీ వీపు చీరేస్తాను.” ఇద్దరి రహస్యాలూ నా కడుపులోనే. అన్నం ఎలా అరుగుతుంది?

మర్నాడు ఎముకల డాక్టరు చూసి, రెండు మోకాళ్ళకూ ఎక్స్‌రే రాసిచ్చాడు. జలుబు చేసిందని అక్క మొహానికి మాస్కు పెట్టుకుంది. మెట్లు ఒక్కొక్కటే దిగుతూ ప్రతి మెట్టు మీదా రెండు పాదాలూ ఆనించింది. ఎక్స్‌రే గది ముందు లైను మలుపు దాకా ఉంది.

“ఇంట్లో ఎక్స్‌రే మనిషిని పెట్టుకుని ఈ లైనేంటక్కా?” అన్నాను.

“నోర్మూసుకుని ఆ స్తంభం వెనక నిలబడు. నిన్ను చూస్తే గుర్తుపడతారు.”

“మరి నిన్ను?”

అక్క మాస్కును కళ్ళ కిందిదాకా లాక్కుంది.

గంట తర్వాత ఆమె వంతు వచ్చింది. తలుపు ఓరగా ఉంది, లోపలి మాటలు నాకు వినిపిస్తున్నాయి, బావ సగం కనిపిస్తున్నాడు. చీటీ అందుకుని, దాని మీద పేరు వదిలేసి, ఏ భాగమో అది మాత్రం చదివాడు. ఆయన ఎప్పుడూ అంతే. రోజుకు వందమందిని చూసేవాడికి మనిషంటే మోకాలో, మోచెయ్యో, వెన్నో.

“మోకాళ్ళా? ఇలా వచ్చి నిలబడండమ్మా” అన్నాడు మా అక్కతో. “భయమేం లేదు, ఆ కడ్డీ పట్టుకోండి. ఈ కాలు కొంచెం ఇటు. నొప్పిగా ఉందా? తొందరేం లేదు, మెల్లగానే పెట్టండి.” కింద కూర్చుని రెండు చేతులతో ఆమె మోకాలు పట్టుకుని తిన్నగా సరిచేశాడు. ఆ గొంతు మా ఇంట్లో ఎవరమూ ఎన్నడూ వినలేదు. అక్క తలూపింది. తన మొగుడు తనను అమ్మా అంటుంటే, నిలబడి వింటూ ఉంది.

బావ అద్దం వెనక్కి వెళ్ళాడు. మీట నొక్కిన చప్పుడైంది. తర్వాత ఏ చప్పుడూ లేదు. అక్కడ పనిచేసే కుర్ర టెక్నీషియన్ అమ్మాయి, “సార్, తర్వాతి వాళ్ళని పిలవనా?” అని రెండుసార్లు అడిగింది. ఆయన కంప్యూటర్ తెర ముందు అలాగే నిలబడిపోయాడు. తెర మీద రెండు స్క్రూలు, ఒకటి వంకర. మనిషిని గుర్తుపట్టలేదు గానీ ఎముకను గుర్తుపట్టాడు.

బావ బయటికొచ్చేసరికి, అప్పటికే తలుపు ముందు నిలబడ్డ అక్క మాస్కు కిందికి లాక్కుంది.

“నువ్వా! నాతో చెప్పొచ్చు కదా!”

“చెబితే రిటైరయ్యాక చూద్దాం అంటారు” అంది అక్క. దెప్పి పొడుపు కాదు, మామూలుగానే అంది.

“ఎన్నాళ్ళ నుంచి?”

“నాలుగేళ్ళు. బడి ఊరికే మానేశాననుకున్నారా? బోర్డు దగ్గర నిలబడలేక.”

బావ తలుపు పక్కన రోగులు కూర్చునే స్టూలు మీద కూలబడ్డాడు. అరిగిన మోకాలంటే ఏమిటో ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఈలోగా ఆ అమ్మాయి తర్వాతి మనిషిని పిలిచింది, మిషను సరిచేసుకుంది, తీసింది, ఇంకొకర్ని పిలిచింది. ఆయన లేకపోతే నడవదన్న గది ఆయన కళ్ళ ముందే నడిచిపోతోంది. కాసేపు అటే చూసి, ఉన్నట్టుండి అక్కవైపు తిరిగి సంతకం సంగతి చెప్పేశాడు. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నేను స్తంభం వెనక నుంచి వచ్చేశాను. “నువ్వూ ఉన్నావా, దొంగ వెధవా!” అన్నాడు బావ, కానీ ఆ తిట్టులో ఉప్పూ కారం లేవు.

తర్వాత పై అంతస్తుకు వెళ్ళి, పెద్ద డాక్టరును అడిగి ఆ కాగితం వెనక్కి తెచ్చుకున్నాడు. ఆ డాక్టరు ఐదు నిమిషాల్లో ఒప్పేసుకున్నాడట. కాసేపు బతిమాలతాడనుకున్న మా బావ మొహం కొంచెం చిన్నబోయింది. ఎముకల డాక్టరు మాత్రం చల్లగా చెప్పాడు: రోజూ కాస్త నడవండి, మెట్ల జోలికి పోకండి. లైట్‌హౌస్‌కు నూట డెబ్భై మెట్లు. బావ, అక్క ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. అక్క కాళ్ళు చాపుకుని వేడినీళ్ళ సంచీ పెట్టుకుని కూర్చుంది. బావ వంటింట్లో టీ పొడి ఎక్కడుంటుందో వెతుకుతూ డబ్బాలన్నీ మోగిస్తున్నాడు.

“కాగితం తెచ్చేసుకున్నాడుగా, ఇంకా ఆ కళ్ళేంటక్కా?” అన్నాను. “సంతకం పెట్టినందుకు అంత ఏడవాలా?”

“దానిక్కాదురా” అంది అక్క, వంటింట్లోకి వినపడకుండా. “నా మోకాలు ఎంత మెల్లగా పట్టుకున్నారో చూశావా? నేనని తెలియకుండానే. ముక్కూ మొహం తెలియని వాళ్ళందర్నీ ముప్ఫై నాలుగేళ్ళుగా రోజూ అలాగే పట్టుకుంటున్నార్రా. నేనేమో ఇన్నాళ్ళూ ఆ ఆసుపత్రిని తిట్టుకుంటూ కూర్చున్నాను.” కళ్ళు తుడుచుకుంది. “ఇంకా రెండు నెలలుంది కదా, ఆ వచ్చేవాళ్ళను అలాగే చూడమన్నాను. ఆ తర్వాత నా వంతేనని చెప్పాను.”