బీడీలు చుట్టే చేతి పట్టు

కరోనా తగ్గుముఖం పట్టిన మరుసటి ఏడు, నా పదవీ విరమణ దగ్గరపడిన రోజుల్లో, మా ఆసుపత్రి నన్ను షోలాపూర్ అశోక్ చౌక్ వెనక నేతవాడకు పంపింది. నేను ఫిజియోథెరపిస్టును. అప్పగించిన పని ఏ జబ్బూ లేని ఆడవాళ్ల చేతిపట్టు కొలవడం. వయసు, ఎత్తు, ముంజేతి చుట్టుకొలత తెలిస్తే ఆ మనిషి పట్టు ఎన్ని కిలోలు ఉండాలో ముందే లెక్కగట్టవచ్చు. ఆ లెక్క మా ఊరి చేతులకు సరిపోతుందో లేదో చూడాలని మా పెద్ద డాక్టరుగారి కోరిక.

కొలిచే పరికరాన్ని డైనమోమీటర్ అంటారు. కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టి, మోచేయి మడిపించి, పిడి చేతికిచ్చి, ఉన్న బలమంతా పెట్టి నొక్కమంటాం. ఒక్కో చేతికి మూడుసార్లు, నడుమ కాస్త విశ్రాంతి. మణికట్టు వంగితే ఆ ప్రయత్నం చెల్లదు. ఈ విషయంలో నేను చండశాసనురాలిని. నా కింద పనిచేసేవాళ్లు నన్ను చూస్తే హడలేవాళ్లు.

మాకు చోటిచ్చింది ఒక పవర్‌లూమ్ శేఠ్. తాతల నాడు తెలంగాణ నుంచి వచ్చిన కుటుంబమే. తన తువ్వాళ్ల కార్ఖానా ముందుగది ఖాళీ చేయించి, అడక్కుండానే చాయ్ పంపేవాడు. మంచివాడే అనుకున్నాను. తువ్వాళ్ల మూటలు బిగించి కట్టడానికి అతనికి అప్పుడే ఒక ఆడమనిషి కావలసి వచ్చింది.

ఆ పని మీద ఆశపెట్టుకున్నది బాలమణి. కుంభారి కాలనీలో ఉంటూ ఇంట్లోనే బీడీలు చుట్టేది. ఆమె కూతురికి ఉబ్బసం. ఇంట్లో పొగాకు ఉన్నంతకాలం అది తగ్గదని డాక్టరు తేల్చిచెప్పాడట.

"ఈ పని దొర్కితే తంబాకు గంప బయట పారేస్త తాయీ" అంది నాతో, మరాఠీ వాడుకలో అక్కను పిలిచినట్టు.

శేఠ్ ఆమెను కూడా మా కుర్చీలో కూర్చోమన్నాడు. మా పరికరం ఒప్పుకుంటే పని ఇస్తానని చెప్పి, తానూ పక్కనే నిలబడ్డాడు.

బాలమణి ముంజేయి దిట్టమైనది. లెక్క ప్రకారం పట్టు బాగానే రావాలి. నొక్కింది, ముల్లు సగం దారిలోనే ఆగిపోయింది. మళ్లీ అంతే. మూడోసారీ అంతే. వేళ్లు పిడిని ఇలా పట్టి అలా వదిలేస్తున్నాయి. నాకు ఒళ్లు మండింది. ఇదేం నొక్కడం తల్లీ అని కసిరాను.

"గింతకన్న ఒత్తితే ఖరాబైతది గద తాయీ" అంది బెదురుగా.

ఏం ఖరాబవుతుందని అడిగితే అప్పుడు బయటపడింది సంగతి. బీడీ చుట్టే చేతికి ఒత్తిడి పనికిరాదు. ఆకు చిట్లుతుంది, పొగాకు బిగుసుకుని పొగ రాదు, సరుకు చూసేవాడు తీసి అవతల పడేస్తాడు. చిన్నప్పటి నుంచీ ఆ వేళ్లు నేర్చుకున్నది బలాన్ని ఆపుకోవడమే. పిడి చేతికిచ్చినా వాటికి అదే తోచింది.

ఆ మాటే శేఠ్‌కి చెప్పాను. కొన్నాళ్లు అలవాటు చేయించి మళ్లీ కొలుస్తానన్నాను. అసలు ఇది కొలువులిచ్చే పరీక్షే కాదని గొంతు పెంచాను కూడా. అతను నవ్వాడు.

"మిషన్ ఝూట్ చెప్తదా మేడం? మీ లెక్కనే గద!"

మర్నాటికల్లా ఆ పనిలో ఇంకొకావిడ ఉంది. పెద్ద డాక్టరుగారి చేత ఫోన్ చేయించాను. శేఠ్ మర్యాదగా విని, మర్యాదగానే కాదన్నాడు. బాలమణి మళ్లీ పొగాకు గంప ముందు కూర్చుంది.

విరమణ తర్వాత బంధువుల ఇంటికని కుంభారి వెళ్లినప్పుడు ఆమె కనిపించింది. తడిసిన చద్దరును వాకిట్లో ఒంటరిగా మెలిపెట్టి పిండుతోంది. మా షోలాపూర్ చద్దరు తడిస్తే నేను ఎత్తను కూడా ఎత్తలేను. ఆమె చేతుల్లోంచి నీళ్లు ధారకట్టాయి. అయ్యో, ఈ చేతినా చాలదన్నది అనుకున్నాను. పిల్ల ఎలా ఉందని అడిగాను.

"గట్లనే ఉంది తాయీ. రాండ్రి, చాయ్ తాగి పోండ్రి."

లోపల ఆ పిల్ల గోడకానుకుని, ఒడిలో చాట పెట్టుకుని, దగ్గుతూ బీడీలకు దారం చుడుతోంది.

పరికరం చూపేది చెయ్యి ఆ క్షణాన ఇచ్చిన బలం. చేతిలో ఉన్న బలమంతా కాదు. కొలిచే ముందు ఆ చెయ్యి రోజంతా ఏం చేస్తుందో అడగాలి. కొలిచాక ఆ అంకెను పరాయివాళ్ల కంట పడనివ్వకూడదు. నా దగ్గరికి వచ్చే కుర్ర ఫిజియోథెరపిస్టులకు ఇప్పుడు ఇదే చెబుతున్నాను. వాళ్లకు పనికొస్తుందేమో గానీ, ఆ పిల్ల దగ్గు దీనితో తగ్గదు.