మెకానిక్‌ను తిట్టిన మూడు రోజులు

మా ఆయన అంబాసిడర్ కారు పన్నెండేళ్లుగా మూలన పడి ఉంది. మోకాళ్లు పోయినా, అందులోనే నారాయణరావుపేట పోయి తన అక్కను చూడాలని ఆయన పట్టుబట్టాడు. మెకానిక్ ఖాజా మూడు రోజులు మా వాకిట్లో తంటాలు పడ్డాడు. బ్యాటరీ మార్చినా, ట్యాంకు కడిగినా ఇంజిన్ దగ్గి ఆగిపోతోంది. కాపలా కూర్చుని నా నడుము పడిపోయింది.

"పని రాకుంటే రాదని చెప్పరాదూ!" అని గల్లీ అంతా వినేలా అరిచాను.

ఖాజా కారు వెనక్కి పోయి, పొగగొట్టంలోంచి ఒక గుడ్డ లాగాడు. అది వస్తూనే ఉంది.

"అమ్మా, గీ చీర ఎవలది?"

నాదే. ఎలుకలు దూరకుండా అప్పట్లో నేనే కుక్కి మరిచిపోయాను.

"నా నోరు మూసింది సాలక కారుది గూడ మూసినవా?" అన్నాడు మా ఆయన.

కారు కదిలింది. జాగ్రత్త అనుకుని చేసి మరిచినవి ఇంకెన్ని ఉన్నాయో, తలచుకుంటేనే అలసట. తప్పయిందనడానికి నాకు నోరు రాలేదు. ఖాజా ఛాయ్‌లో మాత్రం ఎప్పుడూ వేసే అర చెంచా కాక, రెండు చెంచాల చక్కెర వేశాను.